ఇంటి కంప్యూటర్‌లో రేడియో మాట్లాడుతూ విమానం నడపాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బాచుపల్లి మేడ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇల్లు బాచుపల్లిలో. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ దగ్గరే కాబట్టి పొద్దున్నే శిక్షణ విమానాలు మా మేడ మీదుగా తిరుగుతుంటాయి. విమానాల మీద ఇష్టం చిన్నప్పటి నుంచీ ఉంది. చదువు వేరే దారి పట్టి, ఇప్పుడు ఒక మందుల కంపెనీలో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. వయసు 42.

పోయిన ఏడాది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 కొన్నాను. ఎగరడం, ఒకచోట నుంచి మరోచోటికి వెళ్ళడం, దిగడం వచ్చాయి. అయితే ఆకాశంలో నేనొక్కడినే. ఎవరూ పిలవరు, ఎవరూ ఆపరు. ఈమధ్య ఒక వీడియోలో పైలట్ ఇంటి నుంచే ఆడుతుంటే, మరో ఇంట్లో కూర్చున్న మనిషి కంట్రోలర్‌గా అతనికి రన్‌వే, ఎత్తు, దిశ చెబుతున్నాడు. దాని పేరు వాట్సిమ్ అట. అది చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

నా దగ్గర ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు, 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నాయి. జాయ్‌స్టిక్ లేదు, కీబోర్డే. పిల్లల చదువులు అయ్యాక రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే నాకు తీరిక. కంప్యూటర్ మార్చాలా? నేరుగా ఎయిర్‌బస్ నేర్చుకోవాలా, చిన్న విమానమా? అన్నిటికంటే ముఖ్యంగా, రేడియోలో ఏం మాట్లాడాలో ఎక్కడ నేర్చుకోవాలి?

---

అల్వాల్ ఫిజిక్స్ టీచర్:

బాచుపల్లి గారూ, కావలసిన సామాను చాలావరకు మీ బల్ల మీదే ఉంది. మిగిలింది చెవిని సిద్ధం చేసుకోవడం. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, ఎఫ్‌ఎస్‌ఎక్స్ అనే పాత మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ రోజుల నుంచి ఇంట్లో విమానం నడుపుతున్నాను. కొత్తగా వచ్చే ప్రతివారికీ నేను మొదట చెప్పేది ఒకటే: మాట్లాడే ముందు వినండి. ఎలాగో కింద రాస్తాను.

వాట్సిమ్ 2001లో మొదలైంది. సభ్యత్వానికి డబ్బు కట్టనక్కర లేదు. కంట్రోలర్లందరూ స్వచ్ఛందంగా శిక్షణ తీసుకుని, పరీక్షలు రాసి ఆ కుర్చీలో కూర్చున్నవారే. ఇలాంటిదే ఐవావో అని ఇంకొకటి ఉంది, అదీ ఉచితమే. వాట్సిమ్‌లో పేరు నమోదు చేసుకున్నాక ఒక ప్రాథమిక పాఠం చదివి, చిన్న పరీక్ష పాసవ్వాలి. దాన్ని శ్రద్ధగా చదవండి, అందులో ఉన్న నియమాలే తర్వాత మిమ్మల్ని కాపాడతాయి. మీ సిమ్యులేటర్‌ను వాట్సిమ్‌కు కలపడానికి వీపైలట్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఎక్స్-ప్లేన్ అనే మరో సిమ్యులేటర్ వాడేవారికి ఎక్స్‌పైలట్ ఉంది. రెండూ ఉచితం.

ఇక వినడం. సిమ్‌అవేర్ లేదా వాట్సిమ్ రాడార్ అనే మ్యాప్ తెరవండి. ఏ విమానాశ్రయంలో కంట్రోలర్ ఉన్నారో కనిపిస్తుంది. అక్కడ ఖాళీ స్టాండ్‌లో, అంటే విమానాలు ఆపుకునే చోట, మీ విమానాన్ని నిలిపి కనెక్ట్ అవ్వండి. రన్‌వే మీద గానీ టాక్సీవే మీద గానీ ప్రత్యక్షం కాకూడదు, ఎందుకంటే అదే క్షణంలో ఇంకొకరు అక్కడ దిగుతూ ఉండవచ్చు. ఫ్రీక్వెన్సీ పెట్టుకుని, తెల్ల కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి. వినిపించిన ప్రతి పిలుపులో నాలుగు సంగతులు రాసుకోండి: ఎవరిని పిలిచారు, పిలిచింది ఎవరు, ఎక్కడ ఉన్నారు, ఏం కావాలన్నారు. రేడియోలో మొదటి పిలుపు ఎప్పుడూ ఈ వరుసలోనే ఉంటుంది. కంట్రోలర్ జవాబు ఇచ్చాక, పైలట్ ఆ మాటలను తిరిగి ఎలా అప్పగిస్తాడో (దీన్నే తిరిగి చదవడం అంటాం) అతనికంటే ముందు మీరే మనసులో చెప్పుకోండి. మీ జవాబూ అతని జవాబూ కలవడం మొదలైన సాయంత్రం నుంచి మీకు మైకు అంటే బెరుకు ఉండదు.

రాడార్‌లో మన విమానాన్ని గుర్తించడానికి కంట్రోలర్ మనకు నాలుగంకెల స్క్వాక్ కోడ్ ఇస్తారు. అందులో ప్రతి అంకె 0 నుంచి 7 లోపే. 8, 9 ఉండవు. మీ కాగితం మీద 4816 అని రాసుకున్నారంటే సరిగా వినపడలేదన్నమాట, మళ్ళీ అడగండి. ఇంత చిన్న సంగతి తెలిసి ఉంటే చెవి ఎంత చురుకవుతుందో చూడండి.

విమానం విషయానికి వస్తే, మొదట సెస్నా 172. చోటు శంషాబాద్. మనం రోజూ తిరిగే ఊరిని పై నుంచి గుర్తుపట్టడంలో ఉన్న సుఖం వేరు, దారి తప్పే భయమూ ఉండదు. శంషాబాద్ విమానాశ్రయం కోడ్ వీఓహెచ్‌ఎస్. సముద్రమట్టానికి దాని ఎత్తు 2,024 అడుగులు. స్టాండ్‌లో నిలబడి ఉండగానే, ఎత్తు చూపే ఆల్టీమీటర్‌లో క్యూఎన్‌హెచ్ (అప్పటి గాలి పీడనాన్ని సముద్రమట్టానికి లెక్కగట్టిన అంకె) పెట్టి చూడండి, దాదాపు 2,000 చూపించాలి. మన వర్షాకాలంలో పీడనం సాధారణంగా తక్కువగా ఉంటుంది. క్యూఎన్‌హెచ్ 1006 ఉన్నప్పుడు మీరు ప్రామాణిక పీడనమైన 1013 మీదే వదిలేశారనుకోండి, ఆల్టీమీటర్ 200 అడుగుల దాకా ఎక్కువ చూపిస్తుంది. అంటే మీరు అనుకున్నదానికంటే నేలకు అంత దగ్గరగా ఉన్నట్టు. నేల మీద ఉండగానే ఈ తేడాను కళ్ళతో చూసినవారు గాలిలో దాన్ని మరచిపోరు.

ఎగిరి, రన్‌వే చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడే దిగడాన్ని సర్క్యూట్ అంటారు. దాన్ని 3,000 అడుగుల దగ్గర తిరగండి. నేల నుంచి లెక్కేస్తే అది సుమారు వెయ్యి అడుగులే. దిగేటప్పుడు 65 నాట్లు పట్టుకోండి. 3 డిగ్రీల వాలులో దిగాలంటే నేల మీది వేగాన్ని 5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 65 నాట్లకు 325 అడుగులు.

ఇంకొక సంగతి, ఇది నా సబ్జెక్టు కాబట్టి వదలలేను. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో శంషాబాద్ నుంచి ఎగిరి చూడండి. 2,000 అడుగుల ఎత్తులో ప్రామాణిక వాతావరణం ప్రకారం ఉండవలసిన ఉష్ణోగ్రత 11 డిగ్రీలు. 29 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే, గాలి పలుచదనం లెక్కన మీ సెస్నా సుమారు 5,500 అడుగుల కొండ మీద నుంచి ఎగురుతున్నట్టు లెక్క. ఇంజిన్ శక్తి తగ్గుతుంది, రెక్కలకు ఆధారం తగ్గుతుంది, రన్‌వే ఎక్కువ తింటుంది. డిసెంబర్ తెల్లవారుజామున అదే విమానం ఎంత హుషారుగా లేస్తుందో పోల్చుకోండి. మా తరగతిలో ఈ లెక్క చెప్పినప్పుడు చివరి బెంచీ కూడా తల ఎత్తుతుంది.

మీకు తీరిక రాత్రే అన్నారు. సిమ్యులేటర్ గడియారాన్ని పగటికి మార్చుకోండి, వాట్సిమ్‌లో దానికి అభ్యంతరం లేదు. వాతావరణం మాత్రం ప్రత్యక్షంగా వచ్చేదే పెట్టుకోండి. లేకపోతే కంట్రోలర్ పడమటి గాలి చూసి 27 రన్‌వే (పడమటి వైపు ఎగిరేది) ఇస్తారు, మీ విమానానికి వెనుక నుంచి గాలి కొడుతుంది.

సర్క్యూట్లు కుదిరాక బేగంపేటకు వెళ్ళండి. 27 వైపు ఎగిరి కుడికి తిరిగితే హిమాయత్‌సాగర్ కనిపిస్తుంది, దాని అవతల గండిపేట. అక్కడి నుంచి దాదాపు తూర్పుగా పోతే హుస్సేన్‌సాగర్, దాని ఉత్తరపు ఒడ్డు దాటగానే బేగంపేట రన్‌వే. తిన్నగా కొలిస్తే రెండు విమానాశ్రయాల మధ్య 13 నాటికల్ మైళ్ళు. దాని తర్వాత గన్నవరం, సుమారు 140 నాటికల్ మైళ్ళు. చాలా దూరం విజయవాడ హైవేనే మీకు దారి చూపిస్తుంది.

---

మియాపూర్ ఎయిర్‌బస్:

టీచర్ గారి మాటకు గౌరవం ఉంది గానీ ఒక్క విషయంలో నాది వేరే అభిప్రాయం. వాట్సిమ్‌లో ఎక్కువమంది నడిపేది పెద్ద విమానాలే. మనసు ఎయిర్‌బస్ మీద ఉంటే నెలల తరబడి సెస్నాలో తిరగమనడం న్యాయం కాదు. మీ సిమ్యులేటర్‌కు ఫ్లైబైవైర్ వారి ఏ32ఎన్ఎక్స్ అనే ఎయిర్‌బస్ పూర్తిగా ఉచితం, లోపలి వ్యవస్థలు చాలా వివరంగా చేశారు. ఎక్స్-ప్లేన్ వైపు జిబో 737 అనే బోయింగ్ ఉంది, అదీ ఉచితమే.

సిమ్‌బ్రీఫ్‌లో ఖాతా తెరిస్తే మార్గం, ఇంధనం, బరువులు అన్నీ కలిపి ప్రణాళిక తయారుచేసి ఇస్తుంది. దాన్ని వాట్సిమ్‌కు పంపవచ్చు, విమానంలోని కంప్యూటర్‌లోకీ దించుకోవచ్చు. ఒక జాగ్రత్త: నావిగేషన్ సమాచారం 28 రోజులకు ఒకసారి మారుతుంది. ఉచిత ఖాతాలో పాత సమాచారం ఉంటుంది. కంట్రోలర్ చెప్పిన డిపార్చర్ మార్గం మీ విమానంలో లేకపోతే కంగారుపడకండి, నా దగ్గర అది లేదని చెబితే దిశలు ఇచ్చి నడిపిస్తారు. మన దేశపు చార్టులను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతుంది.

దిగడం ఎక్కడ మొదలుపెట్టాలన్న లెక్క కూడా రాస్తాను. తగ్గవలసిన ఎత్తును వేల అడుగులలో తీసుకుని 3తో గుణించండి. 35,000 నుంచి శంషాబాద్ 2,000కు రావాలంటే 33 వేలు, అంటే 99 నాటికల్ మైళ్ళు. వేగం తగ్గించడానికి ఇంకో 10 కలుపుకోండి. కంట్రోలర్ దించేదాకా ఊరుకోకుండా, ఆ దూరం రాకముందే మనమే అడగాలి.

---

అల్వాల్ ఫిజిక్స్ టీచర్:

మియాపూర్ గారూ, ఆ విమానం గొప్పదే, నేనూ నడుపుతాను. నా వాదన వేరు. ఎయిర్‌బస్‌లో కొత్తవారి కళ్ళు, చేతులు పూర్తిగా ఆ తెరలకు అంకితమైపోతాయి. అదే సమయంలో కంట్రోలర్ దిశ మార్చమంటే వినే తీరిక ఉండదు. సెస్నాలో చేతులకు పని తక్కువ కాబట్టి చెవి ఖాళీగా ఉంటుంది. రేడియో వచ్చాక ఏ విమానమైనా ఎక్కవచ్చు. బాచుపల్లి గారు ఎయిర్‌బస్ నేర్చుకోవాలనుకుంటే నేర్చుకోనివ్వండి, కానీ మొదట ఒంటరిగా, నెట్‌వర్క్ బయట. అన్నీ ఆపేసి ఉన్న విమానాన్ని మొదటి నుంచి స్టార్ట్ చేసి, ఎగిరి, దిగి, గేటు దాకా ఎవరి సాయమూ లేకుండా తీసుకురాగలిగాకే కనెక్ట్ అవ్వాలి. అవతల కంట్రోలర్ తన సాయంత్రాన్ని మన కోసం కేటాయించాడు, మన వెనుక వరుసలో మరికొందరు వేచి ఉన్నారు.

---

తిరుమలగిరి రిపేర్లు:

కంప్యూటర్ సంగతి నేను చెబుతాను. మార్చవద్దు. ఈ సిమ్యులేటర్‌కు తయారీదారులు చెప్పిన కనీసం 8 జీబీ ర్యామ్, సిఫారసు 16. మీకు 16 ఉంది. 1080పీ తెర మీద మధ్యస్థ సెట్టింగులు పెట్టి, సెకనుకు వచ్చే ఫ్రేములను 30కి బిగించేయండి. ఒక్కోసారి 50, ఒక్కోసారి 22 వచ్చేదానికంటే నిలకడగా 30 రావడం దిగేటప్పుడు ఎంతో మేలు. సిమ్యులేటర్ హార్డ్‌డిస్క్ మీద ఉంటే మాత్రం ఎస్‌ఎస్‌డీకి మార్చండి, దానికి 150 జీబీ ఖాళీ చూసుకోండి. 2024 వెర్షన్‌కు వెళ్ళాలనుకుంటే వారు సిఫారసు చేసేది 32 జీబీ, ఆ ఖర్చు అప్పుడు చూసుకోవచ్చు.

ముందు కొనవలసింది జాయ్‌స్టిక్. పిడిని మెలితిప్పితే రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పనిచేసే రకం అడగండి, పెడల్స్ కొనే పని తప్పుతుంది. థ్రస్ట్‌మాస్టర్ టీ16000ఎం, లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో, రెండిటిలోనూ ఆ సదుపాయం ఉంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి చేత్తో పట్టుకుని చూసి కొనండి. మధ్యలో వదిలితే తిరిగి సరిగ్గా నడిమికి వస్తోందా, పక్కకు ఆగిపోతోందా అన్నది చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది.

రెండోది హెడ్‌సెట్. మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది. ల్యాప్‌టాప్ మైకు మీ గొంతు కంటే ఆ ఫ్యాన్‌నే ఎక్కువ వినిపిస్తుంది. వైరు ఉన్న మామూలు హెడ్‌సెట్ చాలు, మైకు పెదవి పక్కకు వచ్చేలా ఉండాలి. నొక్కి మాట్లాడే బటన్‌ను జాయ్‌స్టిక్ ట్రిగ్గర్‌కు పెట్టుకోండి. బటన్ నొక్కి అర సెకను ఆగి మొదలుపెట్టండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది.

వేసవిలో కరెంటు పోతుంది కాబట్టి కంప్యూటర్‌తో పాటు రౌటర్‌ను కూడా యూపీఎస్‌కు కలపండి. చాలామంది రౌటర్‌ను మరచిపోతారు.

---

బాచుపల్లి మేడ:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారమే జాయ్‌స్టిక్ తెచ్చుకుంటాను. మేడమ్, మీరు చెప్పినట్టు నిన్న రాత్రి ఒక యూరప్ విమానాశ్రయంలో స్టాండ్ మీద కూర్చుని గంట సేపు విన్నాను. కాగితం నిండిపోయింది. సగానికి పైగా అర్థమైంది కూడా.

మనసులో ఉన్న ఒక మాట అడుగుతాను. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. నా ఇంగ్లీషు ఉచ్చారణ తెలుగులా ఉంటుంది. అంతమంది వింటుండగా మాట్లాడితే అర్థం కాక కంట్రోలర్ విసుక్కుంటాడేమో అనిపిస్తోంది. ఇంకొకటి, కంట్రోలర్ ఎవరూ లేకపోతే ఏం చేయాలి?

---

అల్వాల్ ఫిజిక్స్ టీచర్:

ఉచ్చారణ గురించి మీరు దిగులు పెట్టుకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ ఫ్రీక్వెన్సీలో ఫ్రెంచివారు, బ్రెజిల్‌వారు, జపాన్‌వారు తమ తమ ఉచ్చారణతోనే మాట్లాడుతారు. రేడియోలో వాడే మాటలు మహా అయితే రెండు మూడు వందలు, వాటికి స్థిరమైన రూపం ఉంది. అంకెలను విడివిడిగా పలుకుతాం. తొమ్మిదిని ‘నైనర్’ అంటాం, గరగర శబ్దంలో ఇంకో అంకెలా వినపడకూడదని. ఉచ్చారణ భేదాలను, చెడ్డ రేడియోలను దృష్టిలో పెట్టుకునే ఈ పద్ధతిని తయారుచేశారు. మీరు చేయవలసింది నిదానంగా, ఒకే వేగంతో చెప్పడం. అర్థం కాకపోతే ‘సే అగైన్’ అని అడగడం ప్రతి పైలట్ హక్కు.

ఉచ్చారణ కంటే తిరిగి చదవడం మీద మనసు పెట్టండి. రన్‌వే, ఎత్తు, దిశ, క్యూఎన్‌హెచ్, స్క్వాక్ కోడ్ ఇవన్నీ చెప్పినవి చెప్పినట్టు తిరిగి అప్పగించాలి, చివర మీ కాల్‌సైన్, అంటే రేడియోలో మీ విమానం పేరు, ఉండాలి. విన్న ఎత్తును నోటితో చెప్పడం సగం పనే, విమానాన్ని ఆ ఎత్తు దగ్గర ఆపడం మిగతా సగం. 1996 నవంబర్ 12న ఢిల్లీకి పడమట చర్ఖీ దాద్రీ దగ్గర గాలిలో రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. దిగుతున్న కజకిస్థాన్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగవలసింది, ఆగలేదు. ఎదురుగా 14,000 దగ్గర సౌదీ విమానం వస్తోంది. ఆ ప్రమాదం తర్వాతే మన దేశంలో ఢీకొనకుండా హెచ్చరించే పరికరాన్ని విమానాలకు తప్పనిసరి చేశారు. 1977లో టెనెరిఫేలో రెండు జంబోలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. అందులో రేడియో మాటల అయోమయం పెద్ద కారణం. అందుకే ఇప్పుడు ‘టేకాఫ్’ అన్న మాటను ఆ అనుమతి ఇచ్చేటప్పుడు, తిరిగి చదివేటప్పుడు, లేదా ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప వాడరు. మిగతా అన్నిచోట్లా ‘డిపార్చర్’ అనే అంటారు. ఇంట్లో ఆడుతున్నాం కదా అని ఈ క్రమశిక్షణను వదిలేస్తే, మనం ఇష్టపడిన వృత్తిలో అసలు సారాన్నే వదిలేసినట్టు.

మొదటి రోజుల్లో గొంతు పెగలకపోతే టైపు చేసి కూడా మాట్లాడవచ్చు. ఫ్లైట్ ప్లాన్ రిమార్కులలో మీరు గొంతుతో మాట్లాడతారా, విని టైపు చేస్తారా, రెండూ టైపేనా అన్నది తెలపడానికి గుర్తులు ఉన్నాయి. రిమార్కులలోనే కొత్త పైలట్ అని కూడా రాయండి. కంట్రోలర్లు వేగం తగ్గించి, ఓపికగా చెబుతారు.

కంట్రోలర్ లేనప్పుడు 122.800 ఫ్రీక్వెన్సీ. దాన్ని యూనికామ్ అంటారు. అనుమతి ఇచ్చేవారు లేరు కాబట్టి మనం చేయబోయేది మనమే ప్రకటిస్తాం: ఏ రన్‌వే నుంచి ఎగురుతున్నాం, ఎటు తిరుగుతున్నాం. దగ్గరలో ఇంకెవరైనా ఉంటే సర్దుకుంటారు. మీరు ఎగురుతుండగా ఎవరైనా కంట్రోలర్ కొత్తగా వస్తే, తనను పిలవమని మీ తెర మీద సందేశం పంపుతాడు. వెంటనే ఆ ఫ్రీక్వెన్సీకి మారండి. అందుకే కనెక్ట్ అయి ఉండగా కుర్చీ వదిలి భోజనానికి వెళ్ళకూడదు. పిల్లలు పిలిచినా, పాలు పొంగుతున్నా, ఎక్కువసేపు లేవవలసి వస్తే డిస్కనెక్ట్ చేయడమే మర్యాద. మరో ముఖ్యమైన నియమం, 7500 అనే హైజాక్ కోడ్ వాట్సిమ్‌లో నిషిద్ధం. సరదాకు కూడా పెట్టవద్దు.

సమయాల గురించి. అక్కడ అంతా యూటీసీ అనే అంతర్జాతీయ సమయంలోనే నడుస్తుంది, మనది దానికి ఐదున్నర గంటలు ముందు. యూరప్‌లో సందడి మొదలయ్యే 18 గంటల యూటీసీ మనకు రాత్రి 11:30. పొద్దున్నే ఆఫీసు ఉన్నవారికి అది కష్టం. మన దేశపు కంట్రోలర్లు ఎక్కువగా సాయంత్రాలు, వారాంతాల్లో కనిపిస్తారు. కాబట్టి వారం మధ్యలో రాత్రి తొమ్మిదిన్నరకు యూనికామ్‌లో శంషాబాద్ సర్క్యూట్లు, శనివారం రాత్రి మ్యాప్ చూసి కంట్రోలర్ ఉన్న మన విమానాశ్రయం ఏదైనా. చెన్నై, ముంబై, ఢిల్లీ, ఏదైనా పరవాలేదు.

జాయ్‌స్టిక్ వచ్చి, పది డిగ్రీల ఫ్లాప్స్‌తో సర్క్యూట్ నిలకడగా తిరగగలిగాక ఇక్కడ మీ కాల్‌సైన్ రాయండి. ఒక శనివారం తొమ్మిదిన్నరకు నేను బేగంపేటలో స్టాండ్ మీద ఉంటాను. మీరు శంషాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ మీదుగా రండి. యూనికామ్‌లో మీ ప్రకటనలు వింటాను, సరిచేయవలసినవి ఉంటే ప్రైవేటు సందేశంలో రాస్తాను. తిరుగు ప్రయాణంలో నేను ముందు, మీరు వెనుక.

---

బాచుపల్లి మేడ:

తప్పకుండా మేడమ్. పరీక్ష పాఠం తెరిచాను, సగం అయింది. రౌటర్‌ను యూపీఎస్‌కు కలిపేశాను కూడా. తిరుమలగిరి గారూ, చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఆదివారం తెరిచి ఉంటుందా, లేక శనివారమే వెళ్ళమంటారా?